యుద్ధ నేరాలకు మన చట్టంలో చోటెంత?

ఈ నెల ‘న్యాయ సందేహాలు’ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం యుద్ధ నేరాల చుట్టూనే తిరిగాయి. ఒకే సందేహం పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే ఎంచుకుని జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: ఉక్రెయిన్ వార్తల్లో యుద్ధ నేరాలనే మాట రోజూ వింటున్నాం. యుద్ధంలో గాయపడినవారికి, ఖైదీలకు, పౌరులకు రక్షణనిచ్చే జెనీవా ఒప్పందాలను భారతదేశం ఆమోదించింది కదా, అవి మన కోర్టుల్లో నేరుగా చెల్లుతాయా? యుద్ధఖైదీలను చంపాడన్న ఆరోపణ ఉన్న ఒక విదేశీ సైనికుడు రేపు పర్యాటకుడిగా హైదరాబాదు వస్తే, అతని మీద ఇక్కడ కేసు నడపవచ్చా?
— న్యాయశాస్త్ర విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: నేరుగా చెల్లవు. విదేశాలతో ఒప్పందాలు కుదుర్చుకోవడం కేంద్ర ప్రభుత్వం పని అయితే, వాటిని అమలు చేసే చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగం 253వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. పార్లమెంటు చట్టం చేయనంత కాలం ఆ ఒప్పందం ప్రభుత్వం పరాయి దేశాలకు ఇచ్చిన మాటగానే మిగులుతుంది. పనిచేసే చోట లైంగిక వేధింపులపై 1997 నాటి విశాఖ తీర్పులో లాగా, చట్టం లేని చోట పౌరుల హక్కులకు సుప్రీంకోర్టు అంతర్జాతీయ ఒప్పందాలను ఆసరా చేసుకున్న సందర్భాలు ఉన్నాయి గాని, ఒక మనిషిని జైలుకు పంపడానికి ఆ దారి పనికిరాదు. నేరమేదో, శిక్ష ఎంతో చెప్పే చట్టం ముందుగానే ఉండి తీరాలి.

జెనీవా ఒప్పందాల విషయంలో ఆ పని ఆలస్యంగానైనా జరిగింది. 1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు ఒప్పందాలను మన దేశం 1950 నవంబరులో ధ్రువీకరించింది. పదేళ్ల తర్వాత జెనీవా ఒప్పందాల చట్టం, 1960 వచ్చింది. ఆ చట్టంలోని 3వ సెక్షన్ మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోతుంది. భారతదేశం లోపల గాని, వెలుపల గాని, ఏ దేశపు పౌరుడైనా సరే, ఈ ఒప్పందాల ‘ఘోర ఉల్లంఘన’కు పాల్పడినా, ప్రయత్నించినా, ప్రోత్సహించినా శిక్షార్హుడని అది చెబుతుంది. ఒప్పందాల రక్షణలో ఉన్న వ్యక్తిని బుద్ధిపూర్వకంగా చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం. మిగిలిన ఉల్లంఘనలకు 14 ఏళ్ల వరకు జైలు. నేరం విదేశంలో జరిగినా, నిందితుడు మన దేశంలో ఎక్కడ దొరికితే అక్కడే జరిగినట్టుగా భావించి విచారించవచ్చని 4వ సెక్షన్ అంటుంది. కాబట్టి మీరు ఊహించిన సైనికుడు హైదరాబాదులో దొరికితే, చట్టం మాట ప్రకారం, అతన్ని హైదరాబాదులోనే విచారించవచ్చు.

అయితే ఈ చట్టాన్ని 3వ సెక్షన్ దగ్గర మూసేసేవారు 17వ సెక్షన్ దాకా వెళ్లడం లేదు. ప్రభుత్వం గాని, కేంద్రం గెజిట్‌లో ప్రకటించిన అధికారి గాని ఫిర్యాదు చేస్తే తప్ప ఈ చట్టం కింద ఏ నేరాన్నీ ఏ కోర్టూ విచారణకు స్వీకరించకూడదని ఆ సెక్షన్ ఆంక్ష. చనిపోయిన ఖైదీ తండ్రే స్వయంగా వచ్చి, సాక్ష్యాలన్నీ చేత్తో పట్టుకుని మన మేజిస్ట్రేటు ముందు నిలబడినా ఆయన ఫిర్యాదు చెల్లదు. తలుపు పెట్టి, తాళంచెవిని ప్రభుత్వం చేతికే అప్పగించినట్టయింది. విదేశీ సైనికుడి మీద కేసంటే ఆ దేశంతో సంబంధాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది కనుక ప్రభుత్వానికి కొంత పట్టు ఉండాలన్న వాదనను కొట్టిపారేయలేం. కాని నిరాకరించినప్పుడు కారణం చెప్పాలన్న నియమం గాని, ఇంతలోపు నిర్ణయించాలన్న గడువు గాని ఆ సెక్షన్‌లో లేవు. అక్కడే నాకు అభ్యంతరం.

మరొక పరిమితి కూడా చూడండి. 1949 ఒప్పందాల్లోని ఘోర ఉల్లంఘనలు ప్రధానంగా శత్రువు చేతికి చిక్కిన వారికి సంబంధించినవి: గాయపడిన సైనికులు, యుద్ధఖైదీలు, ఆక్రమిత ప్రాంతంలోని పౌరులు. వారిని చంపడం, హింసించడం, వారిపై జీవశాస్త్ర ప్రయోగాలు చేయడం, బందీలుగా పట్టుకోవడం, అక్రమంగా తరలించడం, న్యాయమైన విచారణ లేకుండా శిక్షించడం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. వందల కిలోమీటర్ల దూరం నుంచి జనావాసాలపై విచక్షణ లేకుండా క్షిపణులు వేయడాన్ని ఘోర ఉల్లంఘనగా చేర్చింది ఆ ఒప్పందాలకు అనుబంధంగా వచ్చిన 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్. మన దేశం ఆ ప్రోటోకాల్‌లో చేరలేదు, మన చట్టంలోనూ అది లేదు. పట్టుబడిన సైనికుణ్ణి తుపాకీతో కాల్చినవాడు మన చట్టానికి స్పష్టంగా దొరుకుతాడు; అపార్ట్‌మెంటు మీద బాంబు వేయమని ఆదేశించినవాడిని దీని కింద పట్టుకోవడం కష్టం. నేటి యుద్ధాల్లో పౌరులు ఎక్కువగా ఎలా చనిపోతున్నారో తెలిసిన ఎవరికైనా ఈ లోటు ఎంత పెద్దదో తెలుస్తుంది.

ప్రశ్న: ఈ 1960 చట్టం ఎప్పుడైనా కోర్టు గడప తొక్కిందా?
— విశ్రాంత అధ్యాపకుడు, వరంగల్లు

జవాబు: తొక్కింది గాని, నిందితుణ్ణి శిక్షించడానికి కాదు. ఈ చట్టం పేరెత్తగానే న్యాయవాదులకు గుర్తొచ్చేది ఫాదర్ మోంతెరో కేసు. 1961 డిసెంబరులో గోవా భారతదేశంలో కలిసిన తర్వాత అక్కడి క్రైస్తవ మతాచార్యుడొకరు పోర్చుగీసు పౌరసత్వాన్నే ఉంచుకున్నారు. నివాస అనుమతి గడువు తీరాక దేశం విడిచి వెళ్లమంటే వెళ్లనన్నారు. విదేశీయుల చట్టం కింద శిక్ష పడింది. ఆక్రమిత ప్రాంతంలోని పౌరులను వెళ్లగొట్టడాన్ని నాలుగో జెనీవా ఒప్పందం నిషేధిస్తోంది కనుక తనకు రక్షణ ఉందన్నది ఆయన వాదం.

1969లో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఇచ్చిన తీర్పులో ఆ వాదం నిలవలేదు. గోవా దేశంలో విలీనమైపోయింది కనుక ‘ఆక్రమణ’ అనే స్థితే లేదన్నది ఒక కారణం. మనకు ఎక్కువ అవసరమైనది రెండోది: 1960 చట్టం ఉల్లంఘనలకు శిక్షలు పెట్టి పరోక్షంగా రక్షణ ఇస్తుందే తప్ప, ప్రభుత్వంపైనే ఒప్పందాలను అమలు చేయమని కోరే హక్కును ఎవరికీ ఇవ్వదని కోర్టు స్పష్టం చేసింది. ఈ తీర్పును 17వ సెక్షన్‌తో కలిపి చదవండి. బాధితుడు హక్కుగా అడగలేడు, నేరంగా ఫిర్యాదు చేయలేడు. రెండు వైపులా ప్రభుత్వమే.

ప్రశ్న: అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో మనం ఎందుకు చేరలేదు? చేరకపోతే మనకొచ్చిన నష్టమేమిటి?
— విశ్రాంత ప్రభుత్వోద్యోగి, విజయవాడ

జవాబు: యుద్ధ నేరాలు, జాతి నిర్మూలన వంటి నేరాలకు వ్యక్తులను విచారించే ఆ కోర్టును ఏర్పరచే ‘రోమ్ శాసనం’ 1998 జులై 17న రోమ్ నగరంలో ఓటింగుకు వచ్చినప్పుడు 120 దేశాలు అనుకూలంగా, 7 వ్యతిరేకంగా ఓటు వేశాయి. తటస్థంగా ఉన్న 21 దేశాల్లో మనది ఒకటి. భద్రతా మండలికి కేసులు పంపే అధికారమూ, ఆపే అధికారమూ ఇవ్వడం, అణ్వాయుధాల వాడకాన్ని నేరాల జాబితాలో పెట్టకపోవడం, ఉగ్రవాదాన్ని వదిలేయడం, దేశం లోపలి ఘర్షణలను కూడా కోర్టు పరిధిలోకి తేవడం మన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి. వీటిలో మొదటిది నిజంగా బలమైన వాదన. శాసనంలో చేరని అమెరికా, రష్యా, చైనా భద్రతా మండలిలో వీటో హక్కుతో కూర్చుని, ఇతర దేశాల కేసులను ఆ కోర్టుకు పంపగలగడం ఏ రకమైన సమానత్వమో చెప్పడం కష్టం.

ఐతే చేరకపోవడం వేరు, సొంత చట్టం చేసుకోకపోవడం వేరు. మన చర్చల్లో ఈ రెండూ కలిసిపోతున్నాయి. రోమ్ శాసనం 17వ అధికరణం ప్రకారం, ఒక దేశం తానే నిజాయతీగా దర్యాప్తు, విచారణ జరుపుతుంటే ఆ కేసును అంతర్జాతీయ కోర్టు ముట్టుకోకూడదు. అంటే ఆ కోర్టును దూరంగా ఉంచాలనుకునే దేశానికే సొంత చట్టం అవసరం ఎక్కువ. చాలా దేశాలు సభ్యత్వం తీసుకున్న ఊపులోనే తమ శిక్షాస్మృతులను సరిచేసుకున్నాయి. మనం సభ్యత్వం వద్దనుకోవడంతో పాటు ఆ సవరణ అవసరాన్ని కూడా పక్కన పెట్టేశాం.

తేడా ఎలా ఉంటుందో 2015 చూపించింది. అప్పటి సూడాన్ అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్‌పై ఆ దేశపు పశ్చిమ ప్రాంతమైన డార్ఫర్‌లో జరిగిన దారుణాల విషయంలో ఆ కోర్టు 2009లో ఒకటి, జాతి నిర్మూలన ఆరోపణతో 2010లో మరొకటి వారంట్లు ఇచ్చింది. 2015 జూన్‌లో ఆయన ఆఫ్రికా కూటమి సమావేశానికి జోహన్నెస్‌బర్గ్ వెళ్లారు. రోమ్ శాసనాన్ని అమలు చేసే చట్టాన్ని దక్షిణాఫ్రికా 2002లోనే చేసుకుంది కనుక, ఒక న్యాయసహాయ సంస్థ ఆ చట్టాన్ని చేతబట్టుకుని ప్రిటోరియా హైకోర్టుకు వెళ్లింది. ఆయన దేశం దాటకుండా చూడమని హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది, మర్నాడు అరెస్టు చేయమంది. అప్పటికే ఆయన విమానం ఒక సైనిక స్థావరం నుంచి వెళ్లిపోయింది. ప్రభుత్వమే ఆయనను జారిపోనిచ్చింది; అది చట్టవిరుద్ధమని 2016లో అక్కడి అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. మనిషి దొరకలేదు గాని, ప్రభుత్వాన్ని బోనులో నిలబెట్టడానికి ఒక చట్టం దొరికింది.

2015 అక్టోబరులో అదే బషీర్ భారత్–ఆఫ్రికా శిఖరాగ్ర సమావేశానికి ఢిల్లీ వచ్చారు. మనం సభ్యులం కాదు కనుక అరెస్టు చేయాల్సిన బాధ్యత మనకు లేదు. దేశాధినేతలకు ఉండే మినహాయింపుల వివాదం కూడా ఉంది. వాటన్నిటినీ పక్కన పెట్టినా, ఎవరైనా మన కోర్టుకు వెళ్దామంటే ఏ చట్టం పట్టుకుని వెళ్లాలి? డార్ఫర్‌ది ఒక దేశం లోపలి యుద్ధం; 1960 చట్టంలోని ఘోర ఉల్లంఘనలు దేశాల మధ్య యుద్ధాలకే వర్తిస్తాయి కాబట్టి అది వాటిలోకి రాదు. జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించే చట్టమే మనకు లేదు. పిటిషన్ మొదటి పేజీలో రాయడానికి ఒక సెక్షన్ నంబరు కూడా ఉండేది కాదు.

ప్రశ్న: మన దేశంలో జరిగిన సామూహిక హత్యాకాండలను ‘మానవాళిపై నేరాలు’గా విచారించవచ్చా? హత్యకు ఎలాగూ శిక్ష ఉంది కదా, కొత్త పేరు ఎందుకు?
— పాత్రికేయుడు, కరీంనగర్

జవాబు: పౌరులపై విస్తృతంగా గాని, పథకం ప్రకారం గాని సాగించే దాడుల్లో భాగమైన హత్యలు, చిత్రహింసల వంటివాటిని మానవాళిపై నేరాలంటారు. అలా విచారించలేం. ఈ మాట నాది కాదు, ఢిల్లీ హైకోర్టుది. 1984 సిక్కుల ఊచకోతకు సంబంధించి కాంగ్రెస్ మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు యావజ్జీవ శిక్ష విధిస్తూ, 2018 డిసెంబరు 17న న్యాయమూర్తులు మురళీధర్, వినోద్ గోయల్ ఇచ్చిన తీర్పు, మానవాళిపై నేరాలు గాని, జాతి నిర్మూలన గాని మన దేశ నేర చట్టంలో భాగం కాలేదని, ఈ లొసుగును సత్వరం సరిదిద్దాలని చెప్పింది. జాతి నిర్మూలన నివారణ ఒప్పందాన్ని మన దేశం 1959లోనే ధ్రువీకరించింది. అందుకు తగిన చట్టం చేస్తామని ఆ ఒప్పందంలోనే మాట ఇచ్చింది. 2018 తీర్పు తర్వాత శిక్షాస్మృతిని ఆమూలాగ్రం తిరగరాసే అవకాశం కూడా వచ్చింది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో రెండూ లేవు.

పేరు ఎందుకన్న మీ రెండో ప్రశ్న మంచిది. హత్యా నేరం ఒక చంపినవాడినీ ఒక చనిపోయినవాడినీ చూస్తుంది. వందల మందిని ఒక పథకం ప్రకారం చంపించిన చోట, కత్తి పట్టినవాడు దొరుకుతాడు గాని పథకం వేసినవాడు అంత తేలిగ్గా దొరకడు. కింది వాళ్లు చేస్తున్నది తెలిసీ, తెలుసుకోవాల్సి ఉండీ ఆపని అధికారిని నేరస్థుడిగా చూసే సూత్రాన్ని రోమ్ శాసనం 28వ అధికరణం స్పష్టంగా రాసుకుంది. మన శిక్షాస్మృతిలో కుట్ర ఉంది, ప్రేరేపణ ఉంది. ఆపే అధికారం చేతిలో ఉండీ కళ్లు మూసుకున్నవాడికి సంబంధించిన సెక్షన్ మాత్రం లేదు.

ప్రశ్న: నేను ఉంటున్న దేశంలో సిరియా అధికారికి యావజ్జీవ శిక్ష వేశారు. నేరం సిరియాలో, బాధితులు సిరియన్లు, నిందితుడూ సిరియనే. జర్మనీకి ఏమిటి సంబంధం?
— ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేస్తున్న తెలుగు పాఠకుడు

జవాబు: సంబంధం ఉండనవసరం లేదని జర్మనీ తన చట్టంలోనే రాసుకుంది. 2002 జూన్ 30న అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ నేరాల స్మృతి అక్కడ ఒక ప్రత్యేక చట్టం. జాతి నిర్మూలన, మానవాళిపై నేరాలు, యుద్ధ నేరాలను అది అంతర్యుద్ధాలకు కూడా వర్తించేలా జర్మన్ చట్టభాషలో నిర్వచించి, ఎక్కడ ఎవరు చేసినా విచారించవచ్చంది. మీరు చెప్పిన కేసులో నిందితుడు అన్వర్ రస్లాన్ డమాస్కస్‌లోని అల్ ఖతీబ్ నిర్బంధ కేంద్రంలో విచారణాధికారి. ఆశ్రయం కోరి జర్మనీ చేరాడు. అతని చేతిలో నరకం చూసినవారిలో కొందరు కూడా శరణార్థులుగా అక్కడికే చేరారు. కోబ్లెంజ్ కోర్టులో 2020 ఏప్రిల్‌లో మొదలైన విచారణ 2022 జనవరి 13న యావజ్జీవ శిక్షతో ముగిసింది. కనీసం 4,000 మందిని చిత్రహింసలు పెట్టడం, 27 హత్యలు రుజువయ్యాయి.

చట్టం ఉంటే చాలదని కూడా ఈ కేసు చెబుతుంది. ఫెడరల్ ప్రాసిక్యూటరు కార్యాలయంలో ఇలాంటి నేరాలకే ప్రత్యేక విభాగం ఉంది. శరణార్థుల వాంగ్మూలాలను అది ఏళ్ల తరబడి పోగుచేసింది. అలాంటి చోట కూడా విచారణ జర్మన్ భాషలో సాగి, అరబ్బీ అనువాదం కేసులోని పక్షాల చెవులకే పరిమితం కావడంతో, ఎవరి కోసం న్యాయం జరుగుతోందో ఆ సిరియన్లకే వెనక బెంచీల్లో ఏమీ అర్థమయ్యేది కాదు. అరబ్బీ తెలిసిన గుర్తింపు పొందిన పాత్రికేయులకైనా అనువాదం వినిపించమని 2020 ఆగస్టులో రాజ్యాంగ న్యాయస్థానం ఆదేశించాల్సి వచ్చింది. మన దగ్గర రేపు చట్టం వచ్చినా, ఏ సెషన్స్ కోర్టులో ఏ భాషకు దుబాసీ దొరుకుతాడన్న ప్రశ్న ఇప్పటినుంచే వేసుకోవచ్చు.

ప్రశ్న: 1971లో దాదాపు 93,000 మంది పాకిస్తానీలు మన చేతికి చిక్కారు. వారిలో నేరాలు చేసినవారిని ఎందుకు శిక్షించలేదు?
— మాజీ సైనికుడు, శ్రీకాకుళం

జవాబు: ఆ డిసెంబరు 16న ఢాకాలో సంతకాలైన లొంగుబాటు పత్రంలోనే, లొంగిపోయినవారిని జెనీవా ఒప్పందాల ప్రకారం సైనికులకు తగిన గౌరవంతో చూస్తామని జనరల్ అరోరా హామీ ఇచ్చిన మాట ఉంది. ఆ గౌరవం నేరాలకు మాఫీ కాదు. ఆ ఖైదీల్లో 195 మందిని విచారించడానికి బంగ్లాదేశ్ సిద్ధమైంది, 1973లో అంతర్జాతీయ నేరాల ట్రైబ్యునళ్ల చట్టం చేసింది. జరిగిపోయిన నేరాలకు కొత్త చట్టం వర్తింపజేయడానికి వీలుగా తన రాజ్యాంగానికి మొదటి సవరణ కూడా చేసుకుంది. వారిని మనం బంగ్లాదేశ్‌కు అప్పగించకుండా ఆపాలని పాకిస్తాన్ 1973 మేలో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లి, ఆ ఏడాది చివర్లో కేసును వెనక్కి తీసుకుంది. చివరకు 1974 ఏప్రిల్‌లో మూడు దేశాల మధ్య ఢిల్లీలో కుదిరిన ఒప్పందంలో బంగ్లాదేశ్ విచారణలను వదులుకుంది. 195 మందీ స్వదేశం చేరారు. రాజీకి కారణం రాజకీయ అవసరాలే గాని, చట్టం లేకపోవడం కాదు.

దీన్ని మన పరిస్థితితో పోల్చేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. చేసిన నాటికి చట్టంలో లేని నేరానికి శిక్ష వేయకూడదని మన రాజ్యాంగం 20వ అధికరణం కట్టడి చేసింది. టోక్యో యుద్ధ నేరాల విచారణలో మన దేశం తరఫున కూర్చున్న జస్టిస్ రాధాబినోద్ పాల్ 1948లో నిందితులందరినీ విడిచిపెట్టాలని విడిగా తీర్పు రాసినప్పుడు, గెలిచినవారు యుద్ధం తర్వాత కొత్త నేరాలు సృష్టించలేరన్నది ఆయన వాదనలో ఒక ముఖ్య భాగం. ఆయన ముగింపుతో ఏకీభవించినా లేకున్నా, దాని నుంచి తేలేది ఒకటే: చట్టం రేపు చేస్తే అది ఎల్లుండి నేరాలకే పనికొస్తుంది. 1984కు అది ఇక ఎప్పటికీ అందదు.

ప్రశ్న: మా మందుల దుకాణం బోర్డు మీద ఎర్ర శిలువ గుర్తు ఉంది. అది చట్టవిరుద్ధమని ఒక మిత్రుడు అంటున్నాడు. నిజమేనా?
— మందుల దుకాణం యజమాని, తెనాలి

జవాబు: నిజమే, పైగా అది పైన చెప్పుకున్న 1960 చట్టం ప్రకారమే. తెల్లని నేల మీద ఎర్ర శిలువ, ఎర్ర నెలవంక గుర్తులను కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎవరూ ఏ పనికీ వాడకూడదని 12వ సెక్షన్ అంటుంది. 13వ సెక్షన్ కింద 500 రూపాయల వరకు జరిమానా, గుర్తు వేసిన సరుకు జప్తు. మన ఊళ్లలో క్లినిక్కులు, అంబులెన్సులు, డాక్టర్ల కార్ల అద్దాలు సైతం ఈ గుర్తుతో తిరుగుతున్నాయి కనుక దీన్ని వైద్యానికి చిహ్నమనే అందరూ అనుకుంటున్నారు. నిజానికి యుద్ధభూమిలో సైనిక వైద్య సిబ్బందిని, ఆసుపత్రులను కాల్చకూడదని శత్రువుకు చెప్పే గుర్తు అది. రెడ్‌క్రాస్ సంస్థకు కూడా చెందుతుంది. శాంతికాలంలో ప్రతి దుకాణం మీదా కనిపిస్తే యుద్ధకాలంలో దాన్ని ఎవరూ నమ్మరు.

17వ సెక్షన్ దీనికీ వర్తిస్తుంది, ప్రభుత్వం ఫిర్యాదు చేస్తే తప్ప మీ మీద కేసు రాదు. అయినా బోర్డు మళ్లీ రంగు వేయించేటప్పుడు శిలువను ఆకుపచ్చగా మార్పించండి. చాలా దేశాల్లో మందుల దుకాణాలు వాడేది అదే.